ఏనాటి మన్నా ఆనాటికే: మాటిమాటికి బరువు తగ్గించుకొనుటను గూర్చిన పాఠము



ఈ నెల పాఠమునకు ముందుగా నిర్గమకాండము 16వ అధ్యాయమును ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుడి. అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారమిచ్చిన విధము అందులో వ్రాయబడియున్నది. ఏ దినమునకు కావలసినది ఆ దినమే కూర్చుకొనవలెనని వారికి ఆజ్ఞ. రేపు దొరకదేమోయని కొందరు తెల్లవారువరకు దాచిరి, దాచినది పురుగుపట్టెను. ఈ భాగమును విశ్వాసమును గూర్చి మీకు అనేక పర్యాయములు బోధించితిని. ఈ సారి మన శరీరముల విషయమై దానిని ధ్యానించుదము. బరువు తగ్గుట, మరల పెరుగుట, మరల తగ్గించుకొనుట, మరల పెరుగుట అనునది ఇప్పుడు పట్టణపు వారి సంగతి మాత్రమే కాదు. వాల్మీకిపురము చుట్టుపట్ల మన పల్లెలలోను ఇది ఇంటింటి సంగతి యైనది.

పాఠములోనికి పోవుటకు ముందు నా తప్పిదమొకటి ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట శ్రమకాలములో మన సహోదరి యొకతె నలువది దినములు ఒంటిపూట మాత్రమే, అదియు కొంచెము గంజియో పండ్లో పుచ్చుకొని, పదకొండు కిలోలు తగ్గెను. ఈస్టరు ఆరాధనలో నేను ఆమెను అందరి యెదుట నిలువబెట్టి, ఉపవాసమునకు ఫలము చూడుడని చెప్పితిని. సంఘమంతయు చప్పట్లు కొట్టెను. క్రిస్మసు నాటికి ఆ పదకొండు కిలోలును తిరిగి వచ్చెను. మరుసటి ఏట వాటికి మరి నాలుగు కూడెను. ఆమె ఆరాధనకు వచ్చుట మానెను. పొలము పని యెక్కువై రాలేదనుకొంటిని. వరుసగా మూడు నెలలు ప్రభు సంస్కారమునకు కూడ రాకపోగా వారి ఇంటికి పోతిని.

"ఏమమ్మా, ఆరోగ్యము బాగున్నదా?" యని అడిగితిని.

"బాగానే ఉండాను అయ్యగారూ. ఏ మొగం పెట్టుకోని వచ్చేది? ఆ పొద్దు అందరి ముందర నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తిరి. ఇప్పుడు ఈ ఒళ్లేసుకోని వస్తే, ఉపవాసం చేసింది ఈమేనా అని నవ్వరా?" యనెను.

నాకు మాట రాలేదు. ఆమె చెప్పుకొనిపోయెను. కూతురి పెండ్లికి ముందు ఒకసారి తగ్గినదట. చక్కెర జబ్బు అంచున ఉన్నావని వైద్యుడు చెప్పినప్పుడు మరియొకసారి తగ్గినదట. తరువాత ఫోనులో ఎవరో చెప్పినది విని మూడవసారి. ఈస్టరు నాటిది నాలుగవది. తగ్గిన ప్రతిసారియు మునుపటి కంటె ఎక్కువే తిరిగి వచ్చినదట.

చివరకు ఆమె అడిగిన ప్రశ్న ఇది: "ఇన్ని తూర్లు తగ్గి పెరిగితే ఒళ్లు లోపల చెడిపోతాదంట కదా అయ్యగారూ? ఇంక నాకు బాగుపడే దారే లేదా?"

ఆ దినమున నా యొద్ద జవాబు లేకపోయెను. ప్రార్థన చేసి వచ్చితిని. తరువాత వైద్యులను అడిగియు, చదివియు తెలిసికొన్న సంగతులను ఆమె అనుమతితో, ఆమె పేరు చెప్పక, ఇచ్చట వ్రాయుచున్నాను.

1. మన పితరులు కోరినది వేరు

మదనపల్లెకు సమీపముననున్న ఆరోగ్యవరమును ఎరుగని వారు మనలో లేరు. 1912లో పలు మిషనులు ఏకమై క్షయరోగుల కొరకు దానిని స్థాపించెను. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి ముఖ్య వైద్యుడు. క్షయకు తగిన మందులు లేని ఆ కాలములో విశ్రాంతి, శుభ్రమైన గాలి, పుష్టికరమైన భోజనము, ఇవే చికిత్స. అట్టి ఆసుపత్రులలో రోగులను క్రమముగా తూచెడివారు. తూకము పెరిగిన యెడల ఇంటివారు దేవునికి స్తోత్రము చెప్పిరి. తగ్గిన యెడల కన్నీరు విడిచిరి.

కరవులు చూచిన రాయలసీమ పెద్దలకు ఒళ్లు చేయుట దీవెన. వారి మనుమలమైన మనకు అదియే దిగులు. ఈ మార్పు మన పాపము వలన మాత్రమే వచ్చినదనుట న్యాయము కాదు. కపిల తోలుట పోయి మోటారు వచ్చెను. కాలినడక పోయి ఆటో, మోటారు సైకిలు వచ్చెను. విసురురాయి మూలబడెను. రాగి సంగటి తగ్గి, మూడు పూటల తెల్లని బియ్యము, దుకాణపు తినుబండారములు, చక్కెర నీళ్ల సీసాలు వచ్చెను. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారము మన దేశములో పెద్దలలో నూటికి 11 మందికి పైగా చక్కెర వ్యాధియు, 35 మందికి రక్తపుపోటును ఉన్నవి. నూటికి 39 మందికి నడుము చుట్టు క్రొవ్వు మితిమీరి యున్నది. గనుక బరువును గూర్చి జాగ్రత్తపడుట వ్యర్థమైన పని కాదు. ఏ విధముగా జాగ్రత్తపడవలెననునదే ప్రశ్న.

ఇచ్చట ఒక హెచ్చరిక. మీరు ఏ ప్రయత్నమును చేయకయే బరువు తగ్గుచున్న యెడల సంతోషింపకుడి. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, ఆకలి లేమి కూడ ఉన్న యెడల అది క్షయ కావచ్చును. దప్పిక, మాటిమాటికి మూత్రము ఉన్న యెడల చక్కెర వ్యాధి కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవుడి. క్షయకు పరీక్షయు మందులును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము.

2. శరీరము కరవును మరువదు

తగ్గిన బరువు ఏల తిరిగి వచ్చును? నోరు కట్టుకొనలేకనే యని మనము తీర్పు తీర్చుదుము. సంగతి అంత సులువు కాదు.

1944, 1945 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది యువకులతో ఒక పరీక్ష చేసెను. వారు మనస్సాక్షిని బట్టి ఆయుధము పట్టనొల్లక, అందుకు బదులుగా మనుష్యులకు మేలు చేయు మరియొక సేవకు ఒప్పుకొన్నవారు. వారిలో అనేకులు బ్రదరెన్, క్వేకరు, మెన్నొనైటు సంఘముల వారు. యుద్ధములో ఆకలిచే కృశించిన ప్రజలకు ఎట్లు భోజనము పెట్టవలెనో తెలిసికొనుటకై వారు 24 వారములు అరకడుపుతో నుండిరి. బరువులో నాల్గవ వంతు వరకు పోయెను. చలికి ఓర్వలేకపోయిరి, చిన్న మాటకు కోపపడిరి, పగలు రాత్రి తిండినిగూర్చియే తలంచిరి. తరువాత కావలసినంత భోజనము పెట్టగా కడుపు నిండినను ఆకలి తీరలేదు. కండ తిరిగి కూడుటకు ముందే క్రొవ్వు కూడెను. అదియు మునుపటి కంటె ఎక్కువగా కూడెను. వీరు దృఢచిత్తులు, ప్రార్థనాపరులు. వారికే అట్లు జరిగినయెడల దానిని బలహీనత యనవచ్చునా?

వారు మొదట స్థూలకాయులు కారు గనుక వారి సంగతి మనకు పూర్తిగా సరిపడదని ఎవరైనను అనవచ్చును. అయితే 2011లో ఆస్ట్రేలియా వైద్యులు స్థూలకాయులైన 50 మందికి పది వారములు మిక్కిలి తక్కువ ఆహారమిచ్చి బరువు తగ్గించిరి. ఒక సంవత్సరమైన తరువాత చూడగా, ఆకలిని పుట్టించు రసములు వారి రక్తములో ఇంకను హెచ్చుగానే యుండెను. కడుపు నిండినదని తెలుపు రసములు తగ్గియే యుండెను. అనగా మనము పథ్యమనుకొన్న దానిని శరీరము కరవు అనుకొనుచున్నది. ఇశ్రాయేలీయులు రేపటికి భయపడి మన్నాను దాచినట్లే, మన శరీరము రేపటి కరవునకు భయపడి దాచుకొనుచున్నది.

ఇంకొక సంగతి. త్వరగా తగ్గినప్పుడు పోవునది క్రొవ్వు మాత్రమే కాదు; కండయు పోవును. పప్పు, గ్రుడ్డు, పాలు వంటి బలమైన ఆహారము లేకయు, శరీరమునకు పని లేకయు తగ్గినవారికి కండ మరి యెక్కువగా పోవును. బరువు తిరిగి వచ్చునప్పుడు ఎక్కువగా క్రొవ్వే వచ్చును. ముసలితనములో మంచము మీదినుండి లేపునది, పడకుండ నిలుపునది కండయే గదా. మిక్కిలి వేగముగా తగ్గినవారికి పిత్తాశయములో రాళ్లు ఏర్పడుటయు కలదు.

3. మాటిమాటికి తగ్గి పెరిగినయెడల ప్రాణమునకు హానియా?

మన సహోదరి అడిగిన ప్రశ్న ఇదియే. దీనికి వైద్యుల జవాబు ఒక్క మాటలో లేదు. కావున ఓపికగా వినుడి.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అను ఊరిలో 1948 మొదలుకొని ప్రజల గుండె ఆరోగ్యమును ఏండ్ల తరబడి కనిపెట్టి చూచుచున్నారు. ఆ లెక్కలను పరిశీలించి 1991లో ప్రకటించినదేమనగా, బరువు మాటిమాటికి మారుచుండిన వారిలో గుండెజబ్బును, మరణమును నిలకడగా నుండిన వారి కంటె హెచ్చుగా నుండెను. ఇది విని అనేకులు భయపడిరి.

1994లో ఆ దేశపు ప్రభుత్వ వైద్య నిపుణుల మండలి అప్పటికి లభించిన పరిశోధనలన్నిటిని పరిశీలించెను. హాని నిశ్చయమని చెప్పుటకు చాలినంత రుజువు లేదనియు, స్థూలకాయులు ఈ భయముచేత బరువు తగ్గు ప్రయత్నము మానవలదనియు వారు తీర్మానించిరి.

తరువాత 2017లో గుండెజబ్బు గల 9,509 మందిని గూర్చిన లెక్క వచ్చెను. వారిలో బరువు మిక్కిలి హెచ్చుతగ్గులైన వారికి, బహు తక్కువగా మారిన వారితో పోల్చగా, మరణము రెండింతలకు పైగా కనబడెను. క్రొత్తగా చక్కెర వ్యాధి వచ్చుటయు హెచ్చుగా నుండెను.

అయితే ఒకటి గమనింపుడి. బరువు మారినవారందరు కావలెనని తగ్గినవారు కారు. లోపలి రోగముచేత చిక్కినవారును ఆ లెక్కలో నుండవచ్చును. రోగము బరువును మార్చెనో, బరువు మారుట రోగమును తెచ్చెనో ఇట్టి లెక్కలు తేల్చి చెప్పజాలవు. కొయ్యలో ఎండిన కొమ్మను చూచి చెట్టు ఎండినదనవచ్చును గాని, నీరు లేకయా, వేరు పురుగు వలననా అని కొమ్మ చెప్పదు.

కనుక నేను గ్రహించినది ఇది. వేగముగా తగ్గి వేగముగా పెరుగుట మంచి మార్గము కాదు; గుండెజబ్బు గలవారు మరి యెక్కువ జాగ్రత్తపడవలెను. కాని గతములో నాలుగుసార్లు తప్పినంత మాత్రమున శరీరము బాగుకాకుండ చెడిపోయినదని ఎవరును చెప్పజాలరు.

4. నిరీక్షణకు ఆధారము

2002లో అమెరికాలో 3,234 మందిని గూర్చిన పరిశోధన ఒకటి ప్రకటింపబడెను. వారు చక్కెర వ్యాధి అంచున ఉన్నవారు. వారిలో ఒక గుంపు వారికి ఆహారములో మితము నేర్పి, వారమునకు 150 నిమిషములు నడిపించి, బరువులో నూటికి ఏడు పాళ్లు తగ్గుట గురిగా పెట్టిరి. వ్యాధి వచ్చుట ఆ గుంపులో నూటికి 58 పాళ్లు తగ్గెను. మనకు కావలసిన సంగతి ఇంకను తరువాత నున్నది. కాలక్రమమున వారికిని తగ్గిన బరువులో చాల భాగము తిరిగి వచ్చెను. అయినను పది సంవత్సరముల తరువాత చూడగా, మిగిలినవారి కంటె వారిలో వ్యాధి నూటికి 34 పాళ్లు తక్కువగానే యుండెను. బరువు తిరిగి వచ్చినంత మాత్రమున చేసిన మేలంతయు కొట్టుకొనిపోలేదు.

మనకు దగ్గరనే యున్న చెన్నపట్టణములో డాక్టరు రామచంద్రన్ గారును వారి తోడివారును 531 మందిపై చేసిన పరిశోధన 2006లో ప్రకటింపబడెను. అచ్చట ఆహార మితమును, నడకయు అలవరచుకొన్న వారిలో చక్కెర వ్యాధి సుమారు 28 పాళ్లు తగ్గెను. ఆశ్చర్యమేమనగా వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గనే లేదు! తూకపు ముల్లు కదలకపోయినను లోపల మేలు జరుగుచుండెను.

సమూయేలు ప్రవక్త యెష్షయి ఇంట పెద్దవాని రూపమును ఎత్తును చూచి పొరబడిన సంగతి మీరెరుగుదురు. తూకపు యంత్రమును పైరూపమునే చూచును. పూనాకు చెందిన డాక్టరు యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టరు యుడ్కిన్ 2004లో తమ్మును తామే పరీక్షించుకొని ప్రకటించిరి. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరును సమానులే. అయితే ఒంటిలో క్రొవ్వు తెల్లదొరకు నూటికి 9 పాళ్లు, మన దేశస్థునకు 21 పాళ్లు. కనుక సన్నగా నున్నవారు గర్వింపకుడి. లావుగా నున్నవారు క్రుంగకుడి. ఇరువురును పరీక్ష చేయించుకొనుడి.

5. అనేకమంది బోధకులు

మన తెలుగు దేశములో ఆహార బోధకులకు కొదువ లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె లేని వంటను బోధించిరి. 2017, 2018 ప్రాంతములలో వీరమాచనేని రామకృష్ణ గారు అన్నము, ఫలహారములు మాని, కొబ్బరినూనె మొదలగు క్రొవ్వులను దినమునకు 70 మొదలు 100 గ్రాముల వరకు పుచ్చుకొనుమని చెప్పిరి. ఖాదర్ వలీ గారు కొర్రలు, అరికెలు మొదలగు సిరిధాన్యములు తినుమనిరి. ఒకే ఇంటిలో ఒకే అక్క మొదటి ఏట నూనె మానెను, రెండవ ఏట నూనె త్రాగెను, మూడవ ఏట కొర్రలు వండెను. నాలుగవ ఏట మొదటి అన్నము కుండయే పొయ్యి మీదికెక్కెను!

వీరిలో ఎవరినైనను నిందించుట నా పని కాదు. వారి మాట విని మేలు పొందితిమని చెప్పువారున్నారు. నేనడుగునది వేరు. ఈ పద్ధతిని మీరు పది సంవత్సరములు, పండుగకును పంట కోతకును, చుట్టము వచ్చినను జ్వరము వచ్చినను సాగించగలరా? సాగించలేని యెడల అది పథ్యము కాదు, కొన్నాళ్ల కరవు. చక్కెరకు, రక్తపుపోటుకు మందులు వాడువారు ఎవరి మాట విన్నను వైద్యుని అడుగక మందు మానకూడదు.

ఇటీవల బరువు తగ్గించు సూదిమందులును వచ్చినవి. 2025లో అట్టివి మన దేశపు అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. అవి పని చేయును. కొందరికి వైద్యుని చేతిక్రింద అవసరమే. కాని అట్టి మందొకటి మానిన తరువాత ఒక సంవత్సరములో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చెనని 2022లో తేలెను. మందు విషయములోను అదే పాఠము: ఆపితే తిరిగి వచ్చును.

6. దినదినపు వంతు

1958 మొదలుకొని హైదరాబాదులో నున్న జాతీయ పోషకాహార సంస్థ వారి సలహా ఏమనగా, వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమము. తగ్గించు ఆహారమైనను దినమునకు 1000 క్యాలరీలకు తక్కువ కాకూడదు. నెలకు రెండు కిలోలన్న మాట. నలువది దినములలో పదకొండు కాదు. మన పల్లె యింట చేయదగినవి కొన్ని చెప్పెదను.

(అ) సంగటి ముద్ద మానవలదు. ముద్ద చిన్నది చేయుడి. దాని ప్రక్క ఆకుకూర, అనపగింజలు, అలసందలు, ఉలవలు, పప్పు పెంచుడి. గ్రుడ్డు, పలుచని మజ్జిగ మంచివి. కండ నిలుచుటకు ఇవి కావలెను.

(ఆ) శెనక్కాయల నూనె సీసానుండి వంచక, గరిటెతో కొలిచి పోయుడి. ఉప్పు మనిషికి దినమునకు ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పును ఆ లెక్కలోనిదే.

(ఇ) టీలో చక్కెర తగ్గించుడి. ఇది మొదట నాకే చెప్పుకొనుచున్నాను. గృహ దర్శనములకు పోయి ఎనిమిది ఇండ్లలో ఎనిమిది టీలు త్రాగినయెడల, ఇంటికి రెండు చెంచాలు చొప్పున పదునారు చెంచాల చక్కెర! ఇకమీదట ఈ కాపరికి చక్కెర లేని టీ, లేదా మంచినీళ్లు ఇచ్చిన చాలును. మర్యాద తక్కువైనదని నేను అనుకొనను.

(ఈ) దినమునకు అరగంట చొప్పున, వారములో అయిదు దినములైనను చురుకుగా నడువుడి. పొలము పని చేయువారు ప్రత్యేకముగా నడువనక్కరలేదు. పని మానినవారు, అంగడిలో కూర్చుండువారు నడువవలెను. బిందె మోయుట, గుంజీలు తీయుట వంటివి వారమునకు రెండుసార్లు చేసిన కండ నిలుచును.

(ఉ) తూకముతో పాటు నడుమును కొలుచుకొనుడి. బొడ్డు మట్టున పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటిన యెడల జాగ్రత్త. రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చేయుదురు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడుగుడి.

(ఊ) ఒక దినము తప్పిన యెడల వారమంతయు పోయినదనుకొనకుడి. నిన్నటి మన్నా నిన్నటితో పోయెను. ఈ ఉదయము క్రొత్తది.

7. ఉపవాసము వేరు, పథ్యము వేరు

శ్రమకాలములో ఈ రెండింటిని కలిపి నేను మీకు కీడు చేసితిని. ఉపవాసము దేవుని యెదుట తగ్గించుకొనుట. యెషయా గ్రంథము 58వ అధ్యాయము చదివినయెడల, మనము మానిన ఆహారము ఆకలిగొనిన వాని కంచములోనికి పోవలెనని తెలియును. ఎన్ని కిలోలు తగ్గితిమని ఆ అధ్యాయములో ఎచ్చటను లేదు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావుకోరి పండుకొనినప్పుడు దేవదూత అతనిని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి నిద్రపోనిచ్చెను. అలసిన శరీరమును దేవుడు తృణీకరింపడు.

చక్కెర బిళ్లలు, ఇన్సులిను వాడువారు వైద్యుని అడుగక ఉపవాసము చేయవలదు. మందు వేసికొని భోజనము మానినయెడల రక్తములో చక్కెర పడిపోయి, చెమట, వణుకు, గుండెదడ, తెలివి తప్పుట కలుగును, ప్రాణాపాయమగును. తెలివి యున్నప్పుడే చక్కెర గాని బెల్లము నీళ్లు గాని ఇయ్యవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. గర్భిణులు, బాలింతలు, వృద్ధులు కూడ భోజనము మానరాదు. ప్రార్థనకు ఆకలి కావలసిన పని లేదు, మనస్సు కావలెను.

8. సంఘము చేయవలసినది

"ఏమక్కా, లావైపోతివే!" యని గుడి వాకిట పలుకరించుట మన వాడుక. ప్రేమతోనే అందుము. కాని ఆ మాట విని ఇంటికి పోయి రాత్రి భోజనము మానువారున్నారు, మరుసటి ఆదివారము రానివారున్నారు. "బాగా చిక్కితివే" యను మెప్పును అంతే అపాయము. ఎందుకు చిక్కెనో మనకు తెలియదు. ఇకమీదట మన పలుకరింపులో ఒంటి కొలత వలదు. ప్రేమవిందులో బిరియానితో పాటు ఆకుకూర, పెరుగు పచ్చడి కూడ పెట్టుదము. స్త్రీల కూడికలో బన్ను, మిక్చరుకు బదులు ఉడికిన శెనక్కాయలు, జామపండ్లు పెట్టుదము. సాయంకాలము ఇద్దరు ముగ్గురు కలిసి నడిచిన యెడల నడకయు సాగును, మనస్సును తేలికపడును.

ఈ సంగతులన్నియు మన సహోదరికి చెప్పుటకు మరల పోతిని. మొదట క్షమింపుమని అడిగితిని.

"మీరేం చేస్తారులే అయ్యగారూ, మీరు మంచికే చెప్పినారు," అనెను.

"మంచికే చెప్పితిని గాని, నీ మేలు కొరకు చెప్పలేదమ్మా. నా ప్రసంగమునకు సాక్ష్యము కావలసి చెప్పితిని," అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే నాకు దారుండాదంటారా?" యని మరల అడిగెను. ఉన్నదని చెప్పి, చెన్నపట్టణపు సంగతి చెప్పితిని. ఆ సాయంకాలమే పొరుగింటి ఆమెతో చెరువు కట్ట మీద నడుచుట మొదలుపెట్టెను. ఇప్పుడు ఆమె బరువు ఎంతయో నేనడుగలేదు. అడుగనని మాట ఇచ్చితిని. చక్కెర పరీక్షలో అంకె కొంచెము దిగినదని ఆమెయే చెప్పెను. మొన్నటి ఆదివారము ప్రభు బల్ల యొద్దకు వచ్చి మోకరించెను. ఈ సారి ఎవరును చప్పట్లు కొట్టలేదు.

కుటుంబములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన్నాను దాచినవారు ఏమి భయపడిరి? మన ఆహారపు అలవాట్లలో అట్టి భయము ఎచ్చట ఉన్నది?
2. ఈ నెలలో మానివేయుటకు కాక, పది సంవత్సరములు సాగించుటకు తగిన ఒక చిన్న మార్పు మన ఇంట ఏది?
3. మన మాట వలన గాయపడి సంఘమునకు దూరమైనవారు ఎవరైన ఉన్నారా? వారి ఇంటికి ఎవరు పోవుదురు?

ప్రార్థన: తండ్రీ, నీవిచ్చిన ఈ శరీరమును మేము ఒకప్పుడు ముద్దు చేసితిమి, ఒకప్పుడు హింసించితిమి. నేటికి చాలినంత నేడు పుచ్చుకొని, మిగిలినది పొరుగువానికి పంచు బుద్ధి మాకు దయచేయుము. తప్పిన దినమున మరల లేచుటకు సహాయము చేయుము. ఆమేన్.